యజమాని లేని కేక

మా బావ పోయాడన్న కబురు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మబ్బు పట్టిందని కబురు మోసే పెట్టెలో వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కునుకు తీస్తున్నాను, జేబులో ఫోను గుర్రుమంది. ఇంత ఎండలో మబ్బేమిటా అనుకుంటూ చూశాను. "బావ లేడు. కల్లంలో." పంపింది పక్క కల్లం రైతు. ఊళ్ళో సగం మందికి వరసైనా కాకపోయినా ఆయన బావే. దాని కింద ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో మాట దిగుతోంది. విన్నా. విన్నా. విన్నా. ఎవరు ఏం పంపినా అందరికంటే ముందు "విన్నా" అనేవాడు మా బావ. ఆ రోజు అందరివీ వచ్చాయి, ఆయనది తప్ప.

ఆయన మా అక్క మొగుడు. పేరు రాయను. తన పేరు కనపడిన చోటల్లా ఎక్కించడం ఆయనకు గిట్టదు, పోయాకైనా ఆ మాట మన్నించాలి. మిరప, పత్తి వేసేవాడు. చదువు పదో తరగతితో ఆపాడు గానీ రేడియోలు విప్పి బిగించే పిచ్చి ఆపలేదు. గవర్నమెంటంటే అనుమానం, ఫోను కంపెనీలంటే అనుమానం, చివరికి తన చేత్తో కట్టిన పెట్టెలంటే కూడా అనుమానమే.

పెట్టెల సంగతి చెప్పాలంటే ముందు కేక సంగతి చెప్పాలి. మా వైపు మిరపకాయలు కోశాక చేల మధ్య కల్లాల్లో ఆరబోస్తాం. ఎండాకాలం మొదట్లో ఊరి చుట్టూ నేలంతా ఎర్రగా ఉంటుంది. అప్పుడు చెప్పాపెట్టకుండా వాన పడిందా, కాయ రంగు చచ్చి తాలు అవుతుంది, ఏడాది కష్టం మార్కెట్ యార్డులో ఎవరూ ముట్టుకోరు. అందుకని ఒక ఆనవాయితీ ఉండేది. మబ్బు ముందు ఎవరికి కనపడితే వాళ్ళు "మబ్బొచ్చిందహోయ్!" అని కేక పెట్టాలి. విన్నవాడు "విన్నా!" అని బదులిచ్చి, అదే కేక పక్క కల్లానికి అందించాలి. పగవాడి కల్లమైనా సరే. పొలం గట్టు కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు కూడా కేక దగ్గర మాత్రం మాట్లాడుకునేవాళ్ళు. అలా వాన కంటే ముందు కేక పరుగెత్తేది.

ఫోన్లొచ్చాక గొంతులకు పనిపోయింది. ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం, మబ్బు బొమ్మ నొక్కితే చాలు. ఒక ఏడు, ఎక్కడో ఏదో గొడవైందని మా వైపు నెట్ తీసేశారు. నెట్ ఆగింది గానీ మబ్బు ఆగలేదు. ఫోను మోగలేదు కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. కేక పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. మర్నాడు బావ తడిసిన కాయలు దోసిట్లోకి తీసుకుని కూర్చున్నాడు.

"తప్పు ఎవరిది బావా? గవర్నమెంటుదా, కంపెనీదా?" అన్నాను.

"మనదే రా. మన గొంతు తీసుకుపోయి ఎవడికో అద్దెకిచ్చాం. ఇప్పుడు వాడు తాళం వేసుకుంటే ఏడిస్తే ఎట్లా?"

ఆ మాటంటే గుర్తొచ్చింది. ఒకసారి ఆయన ఫోనులో ఖాతా మూతపడింది. తెరవాలంటే మనిషివేనని నిరూపించుకో, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కు అంది. బావ అరుగు మీదున్న మా అందరి వంకా చూశాడు. "నేను మనిషినని చెప్పుకోవాలంటే గుంటూరు పోయి సిగ్నల్ లైటు చూసి రావాలంటరా?" అన్నాడు. మా అక్కది ఇంకో కథ. మిరపకాయలు కోసి కోసి వేళ్ళ గీతలు అరిగిపోయాయి, రేషన్ మిషను ఆవిడ వేలు ఒప్పుకోదు. "పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళోనే ఉంది, ఊరంతా గుర్తుపడుతుంది. ఆ డబ్బా గుర్తుపట్టకపోతే మా ఇంటిది ఎవరో పరాయి మనిషా?" అని ఆయన మండిపడేవాడు. తుళ్లూరు వైపు చుట్టాలొచ్చి రాజధానికి భూములిచ్చి కాగితాలు తీసుకున్న కబుర్లు చెబుతుంటే అంతా విని, "కాగితానికి నీళ్ళు పెడితే మొలవదు కదరా" అనేవాడు. అంతకుమించి వాదించడు. ఎదుటివాడిని తన దారికి తెచ్చుకోవాలన్న కోరిక ఆయనకు అసలు లేదు, అదే ఆయన మతం.

ఆ తడిసిన పంట తరవాతే పెట్టెలు మొదలయ్యాయి. సబ్బుపెట్టెంత డబ్బా, పైన చిన్న యాంటెనా, పక్కన అరచేతంత సోలార్ పలక. సిమ్ము లేదు, టవర్ లేదు, నెలనెలా కట్టేది లేదు. డాబా మీద పైపుకి కడితే, నాలుగు మాటల కబురు ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకి, అక్కణ్ణుంచి ఇంకో పెట్టెకి పాకి, దగ్గర్లో ఉన్న ఫోన్లకి నెట్ లేకుండానే దిగుతుంది. మధ్యలో ఒకటి చెడిపోతే పక్క దారిన పోతుంది. విజయవాడ నుంచి సామాను తెచ్చి ఒక్కొక్కటే కట్టాడు. తన డాబా మీద ఒకటి, చర్చి డాబా మీద ఒకటి, పాల కేంద్రం మీద ఒకటి, మా ఇంటి మీద ఒకటి. మా పెట్టె కడుతూ, "ఇది కొత్తదేం కాదు రా. మన కేకే. దానికి డబ్బా తొడిగానంతే" అన్నాడు.

ఒక ఆఫీసరుగారు జీపులో వచ్చి, మర్యాదగానే, "పర్మిషన్ ఉందాండీ?" అని అడిగారు. బావ ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "కేక పెట్టడానికి పర్మిషన్ ఎక్కడిస్తారండీ? చెప్తే అక్కడికే పోయి కేకేసి అడుగుతాను" అన్నాడు. ఆయన నవ్వుకుంటూ పెట్టెని తిప్పి చూసి, లైసెన్సు అక్కర్లేని రకమేనని తేల్చుకుని, మజ్జిగ మళ్ళీ పోయించుకుని వెళ్ళారు.

ఊళ్ళోవాళ్ళు సంఘం పెడదామన్నారు, బావని అధ్యక్షుణ్ణి చేస్తామన్నారు. చెయ్యి అడ్డం పెట్టేశాడు. "అధ్యక్షుడుంటే ఒక్కణ్ణి పట్టుకుంటే అందరూ దొరికిపోతారు. నేను రేపు పోయినా పెట్టె పలకాలి. నేను లేనట్టు కూడా దానికి తెలీకూడదు."

పక్కనే మిరపకాయల ముచికలు తీస్తున్న అక్క ఊరుకుంటుందా? "గవర్నమెంటు వద్దు, కంపెనీ వద్దు, సంఘం వద్దు. మరి వేళకి అన్నం పెట్టేదెవరయ్యా?"

"నువ్వేగా."

"అయితే నీ గవర్నమెంటుని నేనే."

బావ నా వైపు తిరిగి, "చూశావురా, ఓట్లు లేకుండా గెలిచింది" అన్నాడు.

ఒక్క విషయంలోనే నేను ఆయన్ని ఆపగలిగాను. "అందరూ విన్నా అంటారు సరే. అందరూ ఎవరి కల్లానికి వాళ్ళు పరుగెత్తుతారు. మంచాన పడ్డవాడి కల్లం ఎవరు కప్పుతారు బావా?"

"ఎవడు ఎవడి కల్లం కప్పాలో చెప్పే అధికారం నాకెందుకు రా?"

"అధికారం వద్దులే. కప్పేదెవరో చెప్పు."

చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "అది నాకు ఇంకా తేలలేదు రా" అన్నాడు. తేలనిదాన్ని తేలలేదని చెప్పే మనిషి. అలాంటివాళ్ళని నేను ఎక్కువ మందిని చూడలేదు.

ఈ ఏడు కాయ బాగా దిగింది. ఆ మధ్యాహ్నం కల్లంలో సగం కాయలు పోగు చేసి, సగం ఆరబెట్టి ఉంచి, కాస్త అలుపు తీర్చుకుందామని పోగుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అలాగే పోయాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి పక్క కల్లం రైతు తలకి కట్టుకున్న తుండు విప్పి ఆయన మొహం మీద ఈగలు తోలుతున్నాడు. బావ మొహంలో బాధేమీ లేదు. పక్కవాడి మాట వింటున్నట్టే ఉన్నాడు.

మూడోనాడు, చిన్నదినానికి షామియానా కింద ఊరంతా కూర్చుని ఉంది. అక్క లోపల గదిలో మూలన ఉంది. భర్త పోయిన ఆడది ఆ పదకొండు రోజులూ గడప దాటకూడదంటారు మా వైపు. పడమటి గాలి ఒక్కసారి తిరిగింది. అందరి జేబుల్లో ఫోన్లు గుర్రుమన్నాయి. మబ్బు. పడమర. అందరి వేళ్ళూ కదిలాయి. విన్నా, విన్నా. బావ డాబా మీది పెట్టె పచ్చగా మినుకుమంటూ ఆ కబుర్లన్నీ అవతలికి మోస్తోంది. ఆయన లేనట్టు దానికి తెలియనే తెలియదు. ఆయన కోరుకున్నదీ అదే.

మనుషులు లేచి ఎవరి కల్లాలకి వాళ్ళు పరుగెత్తారు. వాళ్ళని తప్పుపట్టను, అక్కడ ఉన్నది వాళ్ళ ఏడాది తిండి. బావ కల్లంలో కాయలు ఆయన వదిలినవి వదిలినట్టే ఉన్నాయి. ఆయన్ని ఎత్తి తెచ్చాక అటు పోవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. టార్పాలిన్ పట్టాలు పరవడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెప్పులేసుకుంటుంటే గది తలుపు చప్పుడైంది. అక్క బయటికొచ్చింది. ముసలమ్మ ఒకావిడ "ఏమ్మా, అపచారం, లోపలికి పో" అంటోంది. అక్క వినలేదు. గోడ పట్టుకుని మెట్లెక్కి, డాబా మీద ఆ పెట్టె పక్కన నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది.

"మా కల్లానికి మనిషి లేడహోయ్!"

ఎన్నేళ్ళయిందో మా ఊళ్ళో కేక విని. పరుగెత్తే మనుషులు నిలబడిపోయారు. ఎక్కడో దగ్గర కల్లం నుంచి ఒక గొంతు, "విన్నా!" అంది. దాని వెనక ఇంకొకటి. అక్క కేకనే ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ, చేల మీదుగా నాకు వినపడనంత దూరం తీసుకుపోయారు.

వచ్చారు. తమ కల్లం కప్పి వచ్చినవాళ్ళున్నారు, సగం కప్పి వదిలేసి వచ్చినవాళ్ళున్నారు. రమ్మని ఎవరినీ ఎవరూ ఆజ్ఞాపించలేదు. అక్క కూడా రమ్మనలేదు, మనిషి లేడని చెప్పిందంతే. నీకు తేలనిది తేలింది బావా. చెబుదామంటే నువ్వు లేవు.

పరిచిన కాయలన్నీ గోతాల్లోకి ఎత్తేశారు. పోగు దగ్గరికి వచ్చి అందరూ ఆగిపోయారు. బావ ఆనుకున్న చోట, వీపు ఎంత వెడల్పో అంత మేర కాయలు లోపలికి నొక్కుకుపోయి అలాగే ఉన్నాయి. పోగు సర్ది కప్పాలి, లేకపోతే పట్టా మీద నీళ్ళు నిలుస్తాయి. అది తెలియని రైతు అక్కడ లేడు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. పట్టా అలాగే లాగి, అంచులకు రాళ్ళు పెట్టి, పక్కకి తప్పుకున్నారు.

వాన దిగింది. పట్టా మెల్లగా ఆ గుంటలోకి కుంగింది. బావ వీపున్నంత మేర నీళ్ళు నిలిచాయి. వాన వెలిశాక కూడా ఆ నీళ్ళు ఒంపడానికి ఎవరికీ చేతులు రాలేదు.