స్టార్ ఆర్పిన బాబాయిగారు

పోయిన వారం మా పక్కింటి బాబాయిగారు ప్రభువునందు నిద్రించారు. కబురు వచ్చేసరికి నేను తెనాలిలో మా ఇంట్లో కూర్చుని, బాపట్ల, రేపల్లె పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. ఆ క్లాసు ఇన్నాళ్లు నిలిచిందంటే ఆయన చలవే.

మా సందులోకి ఫైబర్ ఇంకా రాలేదు. పాత టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్. పగలంతా బుద్ధిగా ఉండి, సాయంత్రం ఆరయిందంటే మొరాయించేది. కంపెనీవాళ్లు పొద్దున పదింటికి వచ్చి, "లైన్ బాగానే ఉందండి" అని వెళ్లిపోయేవారు. ముగ్గురు పిల్లలు మానేశారు. ఇంకో ఇద్దరు మానేస్తే క్లాసు మూసుకోవడమే. నాకు వేరే ఆధారం లేదు. ఒకరోజు గోడ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే ఆయన చూశారు.

ఆయన పొన్నూరు, రేపల్లె వైపు స్తంభాలెక్కి రిటైరైన టెలిఫోను లైన్‌మన్.

"ఏంటమ్మా, జ్వరం సాయంత్రం వస్తుంటే డాక్టరు పొద్దున వచ్చి ఏం చూస్తాడు?" అన్నారు.

పొద్దుగుంకాక పాత ట్రాన్సిస్టర్ పట్టుకుని వచ్చారు. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, తీగ వెంబడే నడిచారు.

"సాయంత్రమైతే ఇంటింటా లైట్లు, చార్జర్లు వేస్తారు కదమ్మా. ప్రతిదీ కాస్త రొద పెడుతుంది. దూరపు రేడియోలు కూడా చీకటి పడ్డాకే బాగా వస్తాయి. ఆ గోలంతా మన తీగ ఎక్కుతుంది. ఎక్కడ రొద పెరిగితే అక్కడున్నాడు దొంగ."

రొద పెరిగి పెరిగి, ఆయన వరండాలోనే గయ్యిమంది. అక్కడ క్రిస్మస్ స్టార్ వెలుగుతోంది. చనిపోయిన పిన్నిగారు కట్టింది. ఏడాది పొడుగునా ఆయన దాన్ని తీయనిచ్చేవారు కాదు, రోజూ సాయంత్రం కాగానే వెలిగించేవారు. మా తీగ దాని పక్కనుంచే వెళ్తుంది. దాని అడాప్టరే దొంగ. ఊరందరి లైన్లూ బాగుచేసిన మనిషి మొహం అప్పుడు చూడాలి!

"కొత్త అడాప్టర్ తెస్తానండి" అన్నాను.

"వద్దమ్మా. మీ పిన్ని ఏరి కొన్నది. నీ క్లాసప్పుడు ఆర్పేస్తాలే."

ఆ మాట ఒక్కరోజూ తప్పలేదు. ఆరింటికి స్టార్ ఆరేది. ఎనిమిదింటికి నేను గోడ మీంచి "అయిపోయిందండీ బాబాయిగారూ!" అని కేకేస్తే వెలిగేది. నేను మరిచిపోయిన రోజున ఆయన అడిగేవారు కాదు, చీకట్లోనే కూర్చునేవారు. ఆ రోజులు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఆ ఇంటికి తాళం. స్టార్ వెలగడం లేదు, లైన్ ఒక్కసారి కూడా తెగడం లేదు. అది నేను తట్టుకోలేకపోతున్నాను. నిన్న క్లాసు మధ్యలో లేచి, వాళ్లమ్మాయి ఇచ్చి వెళ్లిన తాళంచెవితో తలుపు తీసి స్టార్ వేశాను. తిరిగొచ్చేసరికి తెర మీద పిల్లల ముఖాలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఎనిమిదింటి దాకా వాటి ముందే కూర్చున్నాను.