రెండు పుస్తకాలు కలిసిన గోడ

యుద్ధం రోజులు. పట్నంలో కాగితం దొరికేది కాదు, దొరికినా మా బోటివాళ్ల చేతికి రాదు. అందుకని తొండుపల్లిలో మా ఇంటి లోపలి గోడ మీద సుద్దముక్కతో లెక్కలు రాసేవాణ్ణి. దసరాకు ఊరంతా ఎర్రమన్నుతో గోడలు అలుక్కుంటే, అమ్మ రెండేళ్లు ఆ గోడ జోలికి పోలేదు. ఇరుగుపొరుగు నవ్వితే, దాని మీద మా చిన్నోని సదువున్నదని చెప్పేది.

నేను వెతికింది ఇది. లెక్కల్లో, దూరం పోయేకొద్దీ సన్నగిల్లే ప్రమేయం, ఇంగ్లీషులో ఫంక్షన్, ఒకటుంటుంది. ఫూరియే పరివర్తన అని దానికే ఇంకో రూపం. ఒకదాన్ని వేగంగా అణిస్తే రెండోది మొండికేసి పరుచుకుంటుంది. చాలీచాలని గొంగడి తలకు లాగితే కాళ్లు బయటపడ్డట్టు. పుస్తకాల్లో చెప్పిన హద్దును మించి, రెండు రూపాల్లోనూ వేగంగా అణిగిపోయే ప్రమేయం నాకు దొరికిందనుకున్నాను. అది నిజమైతే జీతమొచ్చే పరిశోధన చోటు ఇప్పిస్తానని పట్నం కాలేజీలో మా లెక్కల సారు అన్నారు. చోటొస్తే అన్నను పట్నం దవాఖానలో చూపిస్తానని నేను అమ్మకు మాటిచ్చాను. అన్న అప్పటికే బావి దగ్గర ఎడ్లతో నా వంతు మోట కూడా తానే తోలుతున్నాడు, దగ్గుకుంటూ.

గోడ మీదిదంతా ఉప్పు పొట్లాల కాగితాలకెక్కించి సారు దగ్గరికి పోయాను. ఆయన చదివి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఏ పుస్తకంలోంచి తీసుకున్నావని మాత్రం అడిగారు.

గ్రంథాలయంలో పుస్తకం వారానికే ఇచ్చేవారు. పరివర్తన నిర్వచనం మొదటి పుస్తకంలోంచి గోడకెక్కించి తిరిగిచ్చేశాను. హద్దును రెండో పుస్తకంలోంచి దాని కిందే రాసుకున్నాను. మొదటిది పరివర్తనలో 2π కలుపుకుంటుంది, రెండోది కలుపుకోదు. రెండింటి కొలతలూ వేరు; ఒకదాని పరివర్తనను రెండోదాని హద్దుతో కొలిస్తే హద్దు దాటినట్టే కనబడుతుంది. ఒకే గోడ మీద చేరేసరికి నా గుడ్డికళ్లకు ఒకటే పుస్తకమైపోయాయి. ఛీ, రెండేళ్లు! ఒక్క పూట సరిచూసుకుంటే తేలిపోయేది.

ఆ హద్దు దాటే ప్రమేయం ఒక్కటే ఉందని, అది అంతటా సున్నాయేనని, ఆ సంగతి ఎప్పుడో రుజువైందని సారు మెల్లగా చెప్పారు. చోటు మాట ఆయన ఎత్తలేదు. నేను ఉప్పు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అన్న బావి గడ్డ మీద కూలబడి ఉన్నాడు. ఎడ్లను తోలే ములుగర్ర నా చేతికిచ్చాడు.

"రేపటి సంది నువ్వే తోలు తమ్మీ. ఇగ నాతోని కాదు."

అమ్మ నా మొహం చూసింది. "ఇగ గోడ అలుకుదునా, కొడకా?"

అలుకు అన్నాను. అలికింది. కింద మూలన జానెడు చోటు మాత్రం చెయ్యాడక వదిలేసింది. అమ్మకు చదువు రాదు. ఆ జానెడులో మిగిలింది సరిగ్గా ఆ రెండు పుస్తకాలు కలిసిన చోటే. అన్న పోయిన తర్వాత కూడా ప్రతి దసరాకూ చుట్టూ అలికి, దాన్ని ముట్టకుండా వదిలేసేది.