మెట్టెలకు తగులుకున్న సాక్సు

ఆ రోజుల్లో నాకు ఒకచోట నిలవడం చేతనయ్యేది కాదు. ఆత్మకూరులో మెడికల్ షాపులో కొత్తగా చేరి, మందుల పేర్లకు నోరు తిరగగానే సగం డాక్టరునైపోయానని నమ్మిన వయసు. ఆ తొందరలోనే, మా మేనత్త కాలికి డాక్టరు రాసిన సాక్సును కత్తెరతో కోశాను. తప్పు నాదే. (కత్తెర మాత్రం అత్తది.)

అత్త ఉదయగిరి బస్టాండు దగ్గర దోసెల బండి నడిపేది. పెనం ముందు నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. బిగుతు సాక్సు వేసుకోకపోతే పుండు పడుతుందనీ, అప్పుడు బండి మానేయాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. అత్తకు పుండు కన్నా ఆ రెండో మాటే భయం. (మామకు దోసె తినడం తప్ప తిరగేయడం రాదు.) "కాలి కొలత తీసుకోరా, వేళ్ళు మూసుండేదా, తెరిచుండేదా అడుగు" అని మా షాపు ఓనరు చెబుతూనే ఉన్నాడు, నేను చేతికందిన జత పట్టుకుని బస్సెక్కేశాను.

"ఏందిరా ఇది, ఇస్కూలు పిల్లోళ్ళ మాదిరి!" అంది అత్త. ఎంత లాగినా సాక్సు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. మెట్టెలకు తగులుకుంటోంది.

"మెట్టెలు తీసెయ్ అత్తా."

"మీ మామ ఎదురుగ్గా కూర్చోని దోసె తింటా ఉంటే మెట్టెలు తీసేదేందిరా?"

మామ నమలడం ఆపి, "నేనుండానబ్బా" అన్నాడు.

అవతల ఆత్మకూరు బస్సు హారన్ కొడుతోంది. నాకు కాలు నిలవలేదు. కత్తెర తీసుకుని ఒక సాక్సు కొన కోసేసి, పిక్క దాకా లాగి, రెండోది అత్త చేతిలో పెట్టి పరిగెత్తాను.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాను. సగం దారిలో మామ ఫోను. "ఒరే డాక్టరూ, నువ్వు కోసిన కాడ్నించి అది చుట్టుకుంటా పైకొచ్చి తాడు మాదిరి బిగుసుకునింది, లాగినా రావడంలా. పాదం నల్లబడతా ఉండాది."

"కత్తెరతో కోసేయండి మామా!"

"కత్తెర నువ్వే ఎత్తుకపోతివి గదరా! కత్తి తీసుకుంటే మీ అత్త నన్ను దగ్గరికి రానీడంలా."

చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. కత్తెర ఉంది.

దిగి, రోడ్డు మీద పిచ్చివాడిలా అటూ ఇటూ తిరిగి, దొరికిన ఆటో ఎక్కాను. అత్త స్టూలు మీద కాలు చాపుకుని పళ్ళు బిగపట్టి కూర్చుంది. "సాక్సు కొయ్యరా, కాలు గాదు" అంది. కోయగానే పాదానికి మెల్లగా రంగు తిరిగింది.

కాలు చూపిద్దామని ఆ సాక్సుతో సహా తీసుకెళ్తే, "దీన్ని కోసిందెవరు?" అని డాక్టరు గద్దించాడు. అత్త నా వైపు చూడనైనా చూడలేదు. "అదే చినిగింది సారూ" అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

మర్నాడే అత్త ఇంటికి మకాం మార్చాను. పొద్దున్నే, ఆమె మంచం దిగి కాళ్ళు వాచకముందే కొలత తీసి, వేళ్ళు తెరిచి ఉండే జత తెచ్చాను. రోజూ తెల్లవారగానే నేల మీద కూర్చుని, ఆమె మడమ ఒళ్ళో పెట్టుకుని, ముడత లేకుండా సాక్సు ఎక్కించి షాపుకు వెళ్ళేవాణ్ణి. తొందరపడితే అది ఎక్కదు. బండి మాత్రం ఆగలేదు.

కాళ్ళు ముట్టుకున్న పాపానికి అత్త రోజూ దీవించేది. మంచి జీతం, పెళ్ళి, పిల్లలు, ఇల్లు అన్నీ అయ్యాక ఒకరోజు విసుక్కుంది. "పొద్దున లేస్తే కాళ్ళు పట్టుకుంటావు. ఇంకేమని దీవించేదిరా? ఉండేటివన్నీ అయిపోయినాయి. పో, నిమ్మళంగా ఉండు."

మిగతావన్నీ ఫలించాయి. ఆ చివరిదాని కోసమే ఇంకా ఎదురుచూస్తున్నాను.