నానమ్మ మాగాయ, మా ఇంటి నెట్

మా చిన్నప్పుడు నూజివీడులో మా ఇంటికి నెట్ టెలిఫోన్ తీగ వెంబడే వచ్చేది... ఫోను పక్కన ఒక తెల్లటి మోడెం, దాని మీద వరసగా ఆకుపచ్చ లైట్లు. వాటిలో ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉందంటే ఇక పేజీ తెరుచుకోనట్టే. ఆ వేసవి సెలవుల్లో పొద్దున్న నెట్ బాగానే ఉండేది. ఎండెక్కేసరికి ఆ లైటు మిణుకుమిణుకుమనేది, ఫోనెత్తితే గరగర.

ఎండకీ నెట్‌కీ ఏంటి సంబంధం? నాకప్పుడు పదేళ్లు. ఎవరు చెప్పిన కారణమూ నాకు నచ్చలేదు.

మోడెం వేడెక్కిపోతోందని నాన్న టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వైపు తిప్పారు. మేమంతా చెమటలు కక్కుకుంటుంటే అది మాత్రం హాయిగా గాలి పోసుకుంది... అయినా ఫలితం సున్నా. కంప్లైంట్ ఇస్తే లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర చూశాడు. "ఇక్కడిదాకా బానే ఉందండీ. తేడా మీ ఇంట్లోనే ఎక్కడో ఉండుంటుంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకెప్పుడైనా అయితే ఇంత కంగారు పడేవాళ్లం కాదు. అమ్మ టీచరు. విస్సన్నపేట అవతల ఎక్కడో బడి. నేను లేచేసరికి బస్సెక్కేసేది, తిరిగొచ్చేసరికి చీకటి పడేది. నాకు జడ నానమ్మే వేసేది. ఎన్నాళ్లకో ఆ వేసవిలో బదిలీలు వచ్చాయి. ఆప్షన్లంటూ కావలసిన బళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకోవాలి. మా ఇంటికి దగ్గర్లో ఒకే ఒక్క ఖాళీ ఉంది. గడువులోగా పెట్టకపోతే మిగిలిన ఊళ్లలో ఏదో ఒకటి అంటగడతారు.

"నెట్ సెంటర్‌కి వెళ్దాం పద" అన్నారు నాన్న.

"అమ్మో, అక్కడంతా మా టీచర్లేనండీ! నేనేం పెడుతున్నానో వెనకనుంచి చూసి వాళ్లూ అదే పెట్టేస్తారు" అంది అమ్మ. అలాంటి భయాలు అమ్మకి చాలా ఉండేవి.

ఆప్షన్లు మొదలవడానికి ముందురోజు నానమ్మ బాపులపాడులో వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. విచిత్రం... ఆ రోజంతా లైటు కదల్లేదు! ఫోనులో గరగర కూడా లేదు. ఎండ మాత్రం మాడు పగలగొట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం ఆప్షన్లు మొదలయ్యే వేళకి నానమ్మ తిరిగొచ్చేసింది, నెట్ మళ్లీ పడకేసింది.

"నాన్నా, నానమ్మ లేని రోజే నెట్ బావుంది" అన్నాను.

"హుష్! విందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది" అన్నారు నాన్న గొంతు తగ్గించి.

కానీ నాకు మనసాగితేనా! గడువు రెండు రోజులే, ఆ మర్నాడే ఆఖరి రోజు. పొద్దున్నంతా కరెంటు లేదు, వచ్చేసరికి ఎండ ముదిరింది. అమ్మ కంప్యూటరు ముందు కూర్చుని తిరుగుతున్న చక్రాన్నే చూస్తోంది. నేను నానమ్మ వెంట పడ్డాను... వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి.

"ఏంటే, తోకలా తయారయ్యావ్?" అని విసుక్కుంటూ నానమ్మ మేడెక్కింది. ఎండలో పెట్టిన వెదురు తట్ట చూసుకోవడానికి. తట్ట నిండా ఉప్పూ పసుపూ పట్టించి ఊరబెట్టిన మాగాయ ముక్కలు. ఊట పిండేసి ఎండబెట్టాలి గానీ, ఆవిడ చేతుల్లో అంత బలం ఎక్కడిది? ఎండ ఎక్కువసేపు ఉంటుందని రోజూ ఎండెక్కగానే తట్టని తీసుకెళ్లి పిట్టగోడ అంచున పెట్టేది, రాత్రికి ముక్కల్ని మళ్లీ ఊటలో వేసేది.

తట్టలోంచి ఊట కారుతోంది. ఎక్కడ పడుతోందా అని వంగి చూశాను. గోడ వెంబడి మా టెలిఫోన్ తీగ... సరిగ్గా అక్కడే దానికో అతుకు. దాని మీద ఉప్పు ఊట టపటపా పడుతోంది.

"నాన్నా!" అని నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు.

నాన్న వచ్చి టేపు ఊడదీశారు. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టిపోయి ఉంది.

"అమ్మా, తట్ట తియ్యవే!"

"ఎందుకు తియ్యాలి? అతుకు వెయ్యడం నీకు చేతకాక నా మాగాయ మీద పడి ఏడుస్తావేంట్రా? ఆ డబ్బాలో బొమ్మలు రాకపోతే కొంపలేం మునగవు. ముక్కలు ఎండకపోతే బూజు పడతాయి!"

ఇంతలో అమ్మ మేడ మీదికొచ్చింది. "సినిమాలక్కాదత్తయ్యా... బదిలీకి. సాయంత్రంలోగా పెట్టకపోతే ఈసారి ఇంకెంత దూరం వేస్తారో" అంది.

"ముందే చెప్పి ఏడవచ్చుగా" అని నానమ్మ నాన్న మీద కసిరి, తట్ట తనే ఎత్తుకుని గబగబా మెట్లు దిగింది.

నాన్న కుళ్లిన ముక్క కోసేసి, చాకుతో గీకి, కొత్త అతుకు వేసి గట్టిగా టేపు చుట్టారు. నేను కింద మోడెం దగ్గర కాపలా.

"వెలిగిందా?"

"లేదూ..."

"ఇప్పుడో?"

"వెలిగిందోచ్!"

పేజీ తెరుచుకునేసరికి నానమ్మ పీట లాక్కుని అమ్మ పక్కనే చేరింది. "నాకు చదవడం రాదుగానీ... అన్నిటికన్నా పైనున్నది మన దగ్గర బడేనా? ఇంకోసారి చూడు తల్లీ" అంది. అమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ చూసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోనులో వాళ్లకి నెట్. ఆగిపోతే ఎవరి గదిలో వాళ్లం విసుక్కుంటాం. ఎందుకు ఆగిందని ఒకరినొకరం అడగం కూడా.

ఆ బడి అమ్మకే వచ్చింది. బళ్లు తెరిచిన రోజు పొద్దున్నే అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. అలవాటు లేదు కదా... పాపిడి వంకరగా వచ్చింది. "ఉండవే, మళ్లీ తీస్తాను" అంది.

"వద్దమ్మా" అని ఆ వంకర పాపిడితోనే బడికెళ్లాను. దారిలో కనపడిన వాళ్లందరికీ అడక్కుండానే చెప్పాను, మా అమ్మ వేసిందని.

ఇప్పుడు అద్దం ముందు ఎంత తిన్నగా తీసుకున్నా, ఆ రోజున్నంత అందంగా అనిపించదు. అమ్మ పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లిపోయిన ఇళ్లలో పెరిగినవాళ్లు ఇక్కడ ఇంకా ఎవరైనా ఉన్నారా... మీకు జడ ఎవరు వేసేవారు?