నాలుగో బీరువా వెనక

చర్చిలో పాటల పుస్తకం నేనే చూసి పాడుకోవాలన్న ఆశతో నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడు మేం అనకాపల్లిలో ఉండేవాళ్లం. మా అమ్మాయి శాంతి తొమ్మిదో తరగతి. లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి సాయంత్రాలు ఇంట్లో నిలిచేది కాదు.

ఒకరోజు దాని బట్టలు ఉతకబోతే జేబులో చీటీ దొరికింది. కూడబలుక్కుని చదివాను. "శుక్రవారం అయిదింటికి, నాలుగో బీరువా వెనక. ఎవరికీ చెప్పకు." రాసినవాడెవడో తేలితే దాని చదువు మాన్పించేద్దామనుకున్నాను.

శుక్రవారం దానికంటే ముందే వెళ్లి ఆ బీరువా పక్కన నక్కాను. కాసేపటికి ఓ మగచెయ్యి పుస్తకాల మధ్య చీటీ పెట్టింది. గబుక్కున పట్టేసుకున్నాను.

"దొరికేవురా! నా పిల్లకి సీటీలు రాసింది నువ్వేనా?"

చూస్తే తల నెరిసిన లైబ్రేరియన్ గారు!

"నేనేనమ్మా. పిల్లలందరికీ నేనే రాసేను. ముందు చెయ్యొదులు" అన్నారాయన.

అంతలో పాతికమంది పిల్లలు అలాంటి చీటీలతోనే పరిగెత్తుకొచ్చారు. చీటీలో ఉన్న ప్రశ్నకి పుస్తకంలో జవాబు వెతికి కంప్యూటర్లో కొడితే, తర్వాత ఎక్కడ వెతకాలో అది చెబుతుందట. ఎవరికి వాళ్లే కనిపెట్టాలట. అదీ ఆట! పిల్లలు గొల్లున నవ్వారు, శాంతి తప్ప.

దారిలో అంది, "మాయమ్మకి సదువొచ్చిందని అందరికీ సెప్పుకున్నానే. నా సీటీలు సదవడానికేటి నేర్సుకున్నావు?"

చదువు మాన్పించలేదు. తర్వాత కూడా అనుమానాలు రాకపోలేదు గానీ, వచ్చినప్పుడు దాన్నే అడిగేదాన్ని.