కాపర్-టీ పెట్టి, గదికి తాళమేసుకుని పోయారు

ఆ రోజు ప్యాకింగ్ సెక్షన్‌లో డ్రమ్ముకి మూత బిగిస్తుంటే పొత్తికడుపులో పట్టేసినట్టయింది. నిలబడలేక డ్రమ్ము మీదే వంగిపోయాను. నాతో పనిచేసే యాదమ్మక్క చూసి, "పొద్దుగాల గ్యాస్ ఇడిసిన్రు కదా, గదే. జెర మజ్జిగ తాగు, తగ్గుతది" అంది. నేనూ నమ్మాను. మందుల కంపెనీల మధ్య ఉన్న మా గడ్డపోతారంలో ఎవరికి ఏ రోగమొచ్చినా మేం మొదట చూసేది గాలి ఎటు వీచిందనే. దగ్గొస్తే కంపెనీ, దురదొస్తే కంపెనీ, కడుపు నొచ్చినా కంపెనీ. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే కొన్ని వారాల ముందు నేను కాపర్-టీ పెట్టించుకున్న సంగతి నాకు తట్టనే లేదు.

మా కాలనీలో ఒక షట్టర్ గదిలో, బయటి దేశం ఫండింగ్‌తో ఒక సంస్థ ఆడవాళ్ళ ఆరోగ్య కేంద్రం నడిపేది. మా బాబు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్నాడు. ఇంకో బిడ్డ కావాలని నాకూ మా ఆయనకూ ఉంది, కాకపోతే కొంచెం ఎడం కావాలి. అక్కడి కోఆర్డినేటర్ మేడం చెల్లెలితో మాట్లాడినట్టు మాట్లాడింది. కాపర్-టీ పెట్టించుకో, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడొచ్చి తీయించుకోవచ్చు, ఎంతసేపో పట్టదు అంది. ముందు ఏ టెస్టూ చేయలేదు. పెట్టేసి, చేతిలో ఒక గొడుగు పెట్టి పంపారు.

ఆ తర్వాత నెలసరి మొదలైతే రక్తం ఆగనే లేదు. మా సెక్షన్‌లో బాత్రూంకి పోవాలంటే గౌను, టోపీ, మాస్కు అన్నీ విప్పి, మళ్ళీ కొత్తవి తొడుక్కుని లోపలికి రావాలి. రెండోసారి అడిగితే సూపర్‌వైజర్ మొహం మాడ్చుకునేవాడు. గుడ్డ మీద గుడ్డ పెట్టుకుని షిఫ్టు గడిపేదాన్ని. వాసన నాకే తెలిసేది, నా ఒళ్ళంటే నాకే రోత పుట్టింది. పటాన్‌చెరులో ఒక డాక్టర్ దగ్గరికి పోతే ఎక్కడ పని అని అడిగాడు. కంపెనీ పేరు చెప్పాను. ఇక వేరే ప్రశ్న వేయలేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఎలర్జీ మాత్రలు, గ్యాస్ మాత్రలు రాశాడు. ఆయనా మాలాగే గాలివాటం చూశాడన్నమాట.

ఇంతలో కేంద్రం నుంచి కబురొచ్చింది. ఫండింగ్ ఇచ్చేవాళ్ళు చూడటానికి వస్తున్నారు, మంచి చీర కట్టుకుని రమ్మన్నారు. వచ్చినావిడ తెల్లావిడ, పెద్దవయసు. నా పక్కనే కూర్చుని ఏదో అడిగింది. పెట్టించుకున్నాక ఏమైనా ఇబ్బంది ఉందా అని అడుగుతున్నారని మేడం తెలుగులో చెప్పింది. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్ళూ గాలిని తిట్టుకున్నాను, అసలు సంగతి ఇదేమో అనుకున్నాను. "పెట్టినప్పటి సంది రక్తం ఆగుతలేదు మేడం, కడుపుల బాగ నొస్తుంది" అని చెప్పాను.

మేడం ఆవిడ వైపు తిరిగి, "షీ ఈజ్ వెరీ హ్యాపీ" అంది.

నేను పదో తరగతి పాసయ్యాను. ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. తెల్లావిడ సంతోషంగా నా రెండు చేతులూ పట్టుకుంది, ఎవరో ఫోటో తీశారు. తర్వాత మేడం నన్ను పక్కకు పిలిచి, వాళ్ళ ముందు ఇలాంటివి చెప్తే ప్రాజెక్టు పోతుందని, నష్టం మాలాంటి వాళ్ళకేనని నచ్చజెప్పింది.

వచ్చే వారం తీసేస్తామన్నారు. పోతే నర్సు లేదు. మళ్ళీ పోతే గదికి తాళం. ఇంటి ఓనర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఆళ్ళ దేశంల పైసలు బంద్ చేసిన్రట బిడ్డా, ఖాళీ చేసిన్రు. బ్యానర్ గూడ ఇప్పుకొని పోయిన్రు" అన్నాడు. బ్యానర్ విప్పడానికి మనిషి దొరికాడు, నా కడుపులోది తీయడానికి దొరకలేదు. మేడం ఫోన్ ఎత్తలేదు.

చలిజ్వరం మొదలైంది. దగ్గర్లో ఒక నర్సింగ్ హోంకి పోతే, గర్భసంచి పాడైంది, తీసేద్దాం, ఒక కొడుకున్నాడు కదా అన్నారు. పిప్పి పన్ను పీకే మాటలా చెప్పారు. మా ఆయన భయపడి, నువ్వు బతికితే చాలు, ఒప్పుకో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సంగారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపొమ్మని మొండికేశాను.

అక్కడి డాక్టరమ్మ కంపెనీ గురించి అడగలేదు. లోపల ఏమైనా పెట్టించుకున్నావా అని మొదటే అడిగింది. స్కానింగ్‌లో అది పక్కకు జరిగి గర్భసంచి గోడలో గుచ్చుకుని ఉంది. దాన్ని లాగి తీసే దారం చేతికి అందడం లేదు, ఇన్ఫెక్షన్ ముదిరింది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందని రక్తం ఎక్కించారు. యాంటీబయాటిక్స్‌తో జ్వరం దిగింది, ఇంటికి పంపే ముందు మళ్ళీ ఎక్కింది. మందు మార్చారు. అంతా తగ్గాకే హిస్టెరోస్కోపీ చేసి, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి తీశారు.

గర్భసంచి దక్కింది. తర్వాత గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి చేసిన డై టెస్టులో ఒక ట్యూబ్ మూసుకుపోయిందని తేలింది.

"పిల్లలు కావచ్చు, కాకపోవచ్చు. నీకు అబద్ధం చెప్పనమ్మా" అంది డాక్టరమ్మ. "కాపర్-టీ చెడ్డది కాదు. చూడకుండ పెట్టుడు, పెట్టి మళ్ళ చూడకపోవుడు చెడ్డది."

ఇప్పుడు మళ్ళీ పనికి పోతున్నాను. నడుము లాగుతుంటుంది కానీ రక్తహీనత తగ్గింది. రెండో బిడ్డ ఇంకా కడుపున పడలేదు. నెలనెలా ఆశ పడటం, నెలనెలా ఏడవటం. మాకు పిల్లలు ఎప్పుడు పుట్టాలో నేర్పిస్తామని ఎక్కడో కూర్చున్నవాళ్ళు డబ్బు పంపారు. వాళ్ళే ఒకరోజు ఆపేశారు. పంపినప్పుడూ మమ్మల్ని అడగలేదు, ఆపినప్పుడూ అడగలేదు. దీన్ని సాయం అంటే నాకు ఉమ్మేయాలనిపిస్తుంది.

మొన్న మా తోటికోడలు కాపర్-టీ పెట్టించుకుంటానంటే వద్దనలేదు, వెంట ఇక్కడి చిన్న సర్కారు దవాఖానకు పోయాను. టెస్టులయ్యాక నర్సును ఒకటే అడిగాను, దీన్ని తీసేదెవరని. "నేనే తీస్త. ఈడనే ఉంట కదా. నాతోని కాకుంటే నేనే సంగారెడ్డికి తోలిస్త" అంది. అప్పుడు మా తోటికోడలిని లోపలికి పంపాను.

మీరూ అదే అడగండి. పెట్టేవాళ్ళు ఎంత ప్రేమగా మాట్లాడినా, తీసేది ఎవరో, ఎక్కడో ముందు చెప్పించుకోండి. చెప్పలేకపోతే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి.