ట్యాంకర్ మోటారు శ్రుతి

ప్రతి ఆదివారం పదకొండింటికి నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటుకి నీళ్ల ట్యాంకర్ వచ్చేది. సంపు సరిగ్గా నా హాలు కిటికీ కింద ఉంటుంది. అదే వేళకి మా ముగ్గురి రాక్ బ్యాండు ఆ హాల్లో చేరేది. నేను బేస్ గిటార్ వాయిస్తాను. గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన తమ్ముడొకడు గిటార్ వాయిస్తాడు. డ్రమ్స్ కూకట్‌పల్లి ఆయనవి. రెండేళ్లు కలిసి వాయించినా నన్ను అండి అనడం మానలేదు. ముగ్గురం ఐటీ ఉద్యోగులమే. మాది ప్రయోగాత్మక సంగీతమంటే మా ఓనరమ్మ ఓపిగ్గా విని, మరి అసలు పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగింది.

రెండేళ్లలో ఒక్క పాటైనా రికార్డు పూర్తి చేయలేదు. ఇంతలో డ్రమ్స్ ఆయనకి పుణె బదిలీ అయింది. మిగిలినవి మూడు ఆదివారాలు. ఈలోగా పాట కాకపోతే మేం వాయించామనడానికి గుర్తంటూ ఏమీ మిగలదు.

మొదటి ఆదివారం పన్నెండు నిమిషాల పాట ఒకే ఊపులో వచ్చేసింది. అంత బాగా మేమెప్పుడూ వాయించలేదు. సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పాట అడుగున ట్యాంకర్ మోటారు రొద వినిపించింది. శుభ్రంగా తీసేసి, పాత ఫైలు మీదే సేవ్ చేసేశాను. ఆఫీసులో కాపీ దాచుకోని వాళ్లకి క్లాసు పీకేది నేనే. చెప్పేవి శ్రీరంగ నీతులు!

మర్నాడు వింటే పాట ఉప్పులేని పప్పులా ఉంది. ముగ్గురం మూడు ఊళ్ల బస్సులెక్కినట్టు వాయిస్తున్నాం. తమ్ముడు హెడ్‌ఫోన్స్ తీసి అడిగాడు.

"ఏందక్కా, గిట్ల సప్పగైంది?"

చేసింది చెప్పాను. వాళ్లు తిట్టినా బాగుండేది. డ్రమ్స్ ఆయన మాత్రం మిగిలిన ఆదివారాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

రెండో ఆదివారం మళ్లీ వాయించాం, మళ్లీ అదే చప్పదనం. ఆ వారమే మా అపార్ట్‌మెంటుకి మంచినీళ్ల పైపులైను వచ్చింది. కింద అందరూ లడ్డూలు పంచుకుంటున్నారు. తమ్ముడు వాయించడం ఆపి, కిటికీలోంచి చూసి, ట్యాంకర్ ఏదని అడిగాడు. అప్పటికిగానీ మా బుర్రలు వెలగలేదు. రెండేళ్లుగా మాకు తెలియకుండానే ఆ మోటారుని తంబురాలా శ్రుతి పెట్టుకుని వాయిస్తున్నాం.

వాచ్‌మన్ దగ్గర నంబరు తీసుకుని ట్యాంకర్ డ్రైవర్‌కి ఫోన్ చేశాను. నీళ్లొద్దు, చప్పుడు కావాలంటే ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆఖరి ఆదివారం వచ్చాడు కూడా. తీరా చూస్తే సంపు అంచుదాకా నిండి ఉంది. నీళ్లు లేకుండా నడిపితే మోటారు కాలిపోతుందట. పోనీ రోడ్డు మీదకి వదిలేయమన్నాను. ఎండాకాలంలో అదేం మాటన్నట్టు చూశాడు, నాకు సిగ్గేసింది. కాసేపు ఆలోచించి, పైపు రెండో కొసను తన ట్యాంకర్ మూతలోనే దూర్చాడు.

"నీళ్లు ఏడికి పోవు, మోటార్ నడుస్తది. వాయించుకోండ్రి."

వాయించాం. పన్నెండు నిమిషాలూ కిందనుంచి మోటారు మమ్మల్ని మోసింది. అన్నం ముట్టకముందే నాలుగు చోట్ల కాపీలు దాచాను.

డ్రైవర్ తనకీ వినిపించమన్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి, పరీక్ష ఫలితాలకి నిలబడ్డట్టు ముగ్గురం నిలబడ్డాం. కళ్లు మూసుకుని ఆసాంతం విన్నాడు.

"పాట మంచిగున్నది మేడం. గానీ మోటార్ బేరింగ్ పోయింది, రేపే మార్పియ్యాలె."

మొన్న గోపన్‌పల్లిలో ఆ ట్యాంకరే కనిపిస్తే స్కూటీ ఆపాను. మోటారు ఏ తప్పూ లేకుండా మెత్తగా తిరుగుతోంది. ఎంత దిగులేసిందో! బేరింగ్ మార్చేశారు, ఆ చప్పుడు ఇక లేదని పుణెకి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది.

"మన దగ్గర ఉందిగా అండీ."